ఎద్దుల కాళ్ల కింది గడ్డి

ఇంట్లోనో బడిలోనో కుందేళ్లు పెంచే పిల్లలందరికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. గూడు శుభ్రం చేశాక తడిసిన గడ్డి, రంపప్పొట్టు, గోళీల్లాంటి పెంటికలు ఒక బుట్టెడు పోగవుతాయి. వాటిని ఎక్కడ పడేయాలి? చాలామంది చెత్తబండికి ఇచ్చేస్తారు. కొందరు నేరుగా పూలమొక్కల మొదట్లో పోసేస్తారు. ఈ రెంటికీ నడుమ ఇంకో దారి ఉంది. దాదాపు వందేళ్ల కిందట ఒక వ్యవసాయ శాస్త్రవేత్త ఎద్దుల కాళ్ల కింది గడ్డితో ఆ దారిని పద్ధతిగా తీర్చిదిద్దారు. ఆయన పేరు సర్ ఆల్బర్ట్ హోవర్డ్. పని చేసిన ఊరు మధ్యప్రదేశ్‌లోని ఇండోర్. నిజామాబాద్ పాత పేరు ఇందూరు కదా, అది వేరు, ఇది వేరు.

హోవర్డ్ 1873 డిసెంబరు 8న ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో బిషప్స్ కాజిల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి రైతు. పేడ ఎత్తడం, గడ్డి వేయడం ఆయనకు పుస్తకాలలో చదివి తెలుసుకున్న సంగతులు కావు. తర్వాత లండన్‌లో సైన్సు చదివి, కేంబ్రిడ్జ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి, 1897లో వ్యవసాయంలో డిప్లొమా తీసుకున్నారు. ఇక్కడిదాకా అది తెలివైన రైతుబిడ్డ చదువు, అంతే.

1899లో వెస్టిండీస్‌లోని బార్బడోస్‌లో ఉద్యోగం వచ్చింది. చెరకు తెగుళ్లు పరిశీలించడం, రైతులకు సలహాలివ్వడం ఆయన పని. భూతద్దం కింద బూజులను చూడటం వచ్చింది కానీ, చెప్పిన సలహాను వేసి చూసుకోవడానికి సొంత పొలం లేదు. తాను ఒక్కసారైనా పండించని పంట గురించి, జీవితమంతా దాన్నే పండించిన వాళ్లకు చెప్పవలసి రావడం ఆయనకు మింగుడుపడలేదు. ఆ అసంతృప్తి మొత్తం జీవితాన్ని నడిపించిందని మాకనిపిస్తుంది. 1903లో ఇంగ్లండ్ తిరిగి వెళ్లి, కెంట్‌లోని వై అనే ఊళ్లో వ్యవసాయ కళాశాలలో చేరారు. అక్కడ బీరులో వాడే హాప్స్ పంట మీద పని చేశారు. ఆడమొక్కలకు మగమొక్కల పుప్పొడి అందితే కాయలు బాగా ఎదుగుతాయని, బూజు తెగులును కూడా మెరుగ్గా తట్టుకుంటాయని చూపించారు. మందు చల్లకుండా మొక్కకు సహజంగా కావలసింది ఇస్తే రోగం తగ్గుతుందన్న ఆలోచనకు అక్కడే మొలక వచ్చింది.

1905లో భారతదేశం వచ్చారు. బీహార్‌లో, అప్పటి దర్భంగా జిల్లాలోని పూసాలో, కర్జన్ హయాంలో పెద్ద వ్యవసాయ పరిశోధన సంస్థ మొదలైంది. హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనికుడు ఇచ్చిన విరాళం దానికి పెట్టుబడి. (ఫిప్స్, యూఎస్ఏ అన్న మాటలు కలిసి పూసా అయిందని సరదాగా చెబుతుంటారు. ఊరి పేరు అంతకు ముందునుంచే ఉంది.) హోవర్డ్‌కు అక్కడ ఆర్థిక వృక్షశాస్త్రవేత్త ఉద్యోగం ఇచ్చారు. అంటే పంట మొక్కల నిపుణుడు. అదే ఏడాది గాబ్రియెల్ మథాయీతో పెళ్లయింది. ఆమె కేంబ్రిడ్జ్‌లో చదువుకున్న వృక్షశాస్త్రవేత్త. ఆకులు వెలుతురులో ఆహారం తయారు చేసుకునే వేగం మీద వేడి ప్రభావం ఎంత అన్నది కొలిచిన తొలి తరం పరిశోధకుల్లో ఒకరు. భర్త వెంట వచ్చిన ఇల్లాలిగా ఆమెను తలచుకుంటే పొరపాటే. భార్యాభర్తలు కలిసి పొలంలో దిగారు, కలిసి రాశారు. భారతదేశపు గోధుమల మీద 1909లో వచ్చిన పుస్తకం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 1913లో ఆమెను అదే సంస్థలో రెండో ఆర్థిక వృక్షశాస్త్రవేత్తగా నియమించారు. ఆ రోజుల్లో ఒక మహిళకు ప్రభుత్వ వ్యవసాయ శాఖలో అలాంటి పదవి దక్కడం మామూలు విషయం కాదు.

బార్బడోస్‌లో దొరకనిది పూసాలో దొరికింది. సుమారు 75 ఎకరాల భూమి చేతికొచ్చింది, ఇష్టమొచ్చినట్టు సాగు చేసుకునే స్వేచ్ఛ వచ్చింది. అయితే హోవర్డ్ మొదట చేసిన పని ప్రయోగాలు కాదు, చుట్టుపక్కల రైతుల పొలాలు చూడటం. వాళ్లు పురుగుమందు వాడరు, కొన్న ఎరువు వేయరు, అయినా పంటకు తెగులు పెద్దగా లేదు. కారణమేమిటో తెలుసుకోవాలంటే వాళ్లు చేసినట్టే చేయాలి అనుకున్నారు. ఆ రైతులనూ, పంటను పట్టే పురుగులనూ తన ప్రొఫెసర్లుగా లెక్కించానని తర్వాత రాసుకున్నారు. రైతులు ఏం చేయాలో చెబుతారు. నేలలోనో విత్తనంలోనో ఎక్కడ తేడా వచ్చిందో పురుగు చూపిస్తుంది. అయిదేళ్లలో తన పంటలు దాదాపు తెగులు లేకుండా పండాయని ఆయన చెప్పుకున్నారు.

తర్వాత ఆయన చూపు ఎద్దుల మీద పడింది. దున్నడానికి ఆరు జతల ఎద్దులు తీసుకుని, తానే మేపు, కొట్టం ఏర్పాటు చేశారు. పక్క కమతంలో పశువులకు గాలికుంటు వచ్చినప్పుడు, నడుమ ఉన్నది పొట్టి కంచె మాత్రమే, ఈ ఎద్దులు వాటితో మూతులు రాసుకున్నా జబ్బు రాలేదని హోవర్డ్ రాశారు. మంచి నేలలో పండిన మేత తిన్నందుకే అలా జరిగిందని ఆయన నమ్మకం. ఈ ముచ్చట ఆయన గురించి రాసే ప్రతి ఒక్కరూ చెబుతారు, మేమూ చెప్పాం. కానీ ఇక్కడ ఒక మాట అవసరం. కొన్ని జతల ఎద్దులకు జబ్బు రాకపోవడం రుజువు కాదు. పోల్చి చూడటానికి మరో మంద లేదు. గాలికుంటు వైరస్ వల్ల వస్తుంది. దానికి టీకా ఉంది, మంచి మేత పెట్టే రైతు కూడా టీకా వేయించాల్సిందే.

పూసాలో ఆ దంపతులకు పెద్ద పేరు తెచ్చింది గోధుమ. పూసా 4, పూసా 12 అన్న రకాలు ఉత్తర భారతమంతా పాకాయి. వేసవిలో బలూచిస్తాన్‌లోని క్వెట్టాకు వెళ్లి పండ్ల తోటల మీద, పండ్లు చెడకుండా రైల్లో పంపే పెట్టెల మీద పని చేశారు. అదంతా ఒక పెద్ద కథ, ఇక్కడ దానికి చోటు లేదు. మన విషయానికి దగ్గరైనది నీలిమందు పంట. బీహార్‌లో జావా నీలి మొక్కలు వర్షాకాలంలో ఎండిపోయేవి. అందరూ సూక్ష్మజీవి కోసం వెతుకుతుంటే, హోవర్డ్ దంపతులు వేళ్లు తవ్వి చూశారు. నీరు నిలిచి నేలలో గాలి లేక వేళ్లు చచ్చిపోతున్నాయి. నేలకూ ఊపిరి ఆడాలి. ఈ చిన్న మాటే తర్వాత ఎరువు గుంతలోకి వచ్చింది.

ఇక అసలు చిక్కు. ఊళ్లలో ఆయన రోజూ చూసింది పిడకలు. పశువు పేడలో సగానికి సగం గోడల మీదికి, పొయ్యిలోకి పోతోంది. వంటచెరకు లేని ఇల్లాలిని పేడ కాల్చవద్దనడం న్యాయం కాదు, ఆమె మరి దేనితో వండాలి? పొలానికి మిగిలే పేడ చాలదు. మరోవైపు పొలం నిండా పత్తికంప, కందికంప, చెరకు ఆకు, కలుపు, రాలిన ఆకులు. అవి అలాగే దున్నితే నేల కొన్నాళ్లు మొక్కలకు పెట్టకుండా వాటిని కుళ్లబెట్టడంలోనే తన నత్రజని ఖర్చు చేసుకుంటుంది. కొద్ది పేడతో ఇంత చెత్తను ఎరువుగా మార్చడం ఎలా? చైనా రైతులు వేల ఏళ్లుగా ఊరి వ్యర్థాలన్నీ నేలకు ఎలా తిప్పి ఇస్తున్నారో అమెరికా శాస్త్రవేత్త ఎఫ్.హెచ్. కింగ్ రాసిన పుస్తకం 1911లో వచ్చింది. హోవర్డ్‌కు అది దారి చూపింది. కానీ పూసాలో ఈ పని సాగలేదు. గోధుమ ఒక శాఖ, పురుగులు ఒక శాఖ, రసాయనం ఒక శాఖ. ఎరువు దిబ్బ అన్ని శాఖలదీ, కాబట్టి ఎవరిదీ కాదు.

ఆ గోడలు లేని సంస్థ కావాలని ఆ దంపతులు పట్టుబట్టారు. 1924లో ఇండోర్‌లో మొక్కల పరిశోధన సంస్థ తెరుచుకుంది. హోల్కర్ల సంస్థానం 300 ఎకరాలు కౌలుకిచ్చింది. పత్తి కమిటీ, మధ్య భారత సంస్థానాలు డబ్బిచ్చాయి. హోవర్డ్ సంచాలకులు. నేల నల్లరేగడి, బళ్లారిలోనూ షోలాపూర్‌లోనూ చదివే పిల్లలకు ఆ నేల కొత్త కాదు. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత పగుళ్లు, వానాకాలంలో చెప్పు ఊడొచ్చే జిగట. కూలీలకు వేళకు జీతం, తక్కువ పనిగంటలు, ఉండటానికి ఇళ్లు ఏర్పాటు చేశారు. మంచి పని కావాలంటే ముందు మనిషి అలసిపోకూడదన్నది ఆయన లెక్క.

అక్కడ ఏడేళ్ల పనిలోంచి వచ్చిందే ఇండోర్ పద్ధతి. వివరంగా చెబుతాం, ఎందుకంటే ఇందులో ప్రతి అడుగుకూ కారణం ఉంది.

మొదటిది, ఏ చెత్తనూ పారేయరు. పచ్చి కలుపును ఎండలో వాడనిస్తారు. పత్తికంప, కందికంప గట్టివి, అలాగే వేస్తే కుళ్లవు. వాటిని పొలం బాటల మీద పరిచేవాళ్లు. బండ్లు, ఎద్దులు, మనుషులు వాటి మీద నడుస్తుంటే కొన్నాళ్లకు నలిగి మెత్తబడేవి. యంత్రం లేదు, ఖర్చు లేదు. ఈ ఒక్క వివరం మాకు ఎన్నిసార్లు తలచుకున్నా ముచ్చటేస్తుంది. ఇలా పోగైన రకరకాల చెత్తను కలిపి రాత్రిపూట కొట్టంలో ఎద్దుల కింద పరుపుగా వేసేవాళ్లు. ఎద్దు దాని మీద పడుకుంటుంది, తొక్కుతుంది, తడుపుతుంది. పొద్దున పేడతో సహా ఎత్తితే అది సగం తయారైన ఎరువు. కొట్టం నేల మీది మట్టి కూడా మూత్రం పీల్చుకుని ఉంటుంది. కొన్ని నెలలకోసారి దాన్ని తవ్వి పొడి చేసి వాడుకుని, ఆ చోట కొత్త మట్టి పోసేవాళ్లు. పేడ పొయ్యిలోకి పోయినా మూత్రం ఎవరూ కాల్చలేరు కదా. అప్పటిదాకా నేలలో ఇంకిపోయి వృథా అయిన నత్రజనిని హోవర్డ్ అలా పట్టుకున్నారు.

గుంత కొలత 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. లోతు మాత్రం రెండడుగులే. లోతుగా తవ్వితే అడుగుకు గాలి చేరదు. అర అడుగు మందాన చెత్త, దాని మీద రెండు అంగుళాల పేడ, తడిసిన పరుపు, ఆపైన పలుచగా మూత్రం మట్టి, పొయ్యి బూడిద. మళ్లీ చెత్త. మొత్తం మీద మూడు నాలుగు పాళ్లు చెత్తకు ఒక పాలు పేడ. నీళ్లు చిలకరిస్తారు, పిండిన గుడ్డలా తడి ఉండాలి, నీరు కారకూడదు. తొక్కి అణచరు. గడ్డపారతో నిలువుగా కన్నాలు పెడతారు, గాలి ఆడటానికి. నీలిమందు వేళ్లు నేర్పిన పాఠం ఇదే. గుంతలో ఒక కొస ఖాళీగా వదులుతారు, తిరగేయడానికి చోటు కావాలి కాబట్టి.

కొన్ని రోజుల్లో కుప్ప వేడెక్కుతుంది. 65 డిగ్రీల దాకా పోతుంది, చెయ్యి పెట్టలేం. ఇది మంట కాదు. కంటికి కనిపించని జీవులు కోట్లాదిగా తిని, పెరిగి, ఊపిరి తీస్తుంటే పుట్టే వేడి. అందులో కలుపు గింజలు, చాలా రోగకారక క్రిములు చస్తాయి. రెండు వారాలు దాటాక ఒకసారి, నెలకు ఒకసారి, రెండు నెలలకు ఒకసారి తిరగేస్తారు. బయట ఉన్నది లోపలికి, లోపలిది బయటికి. ముందు తెల్లటి బూజు పని చేస్తుంది, తర్వాత బాక్టీరియా. మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాసన వేసే ఎరువు చేతికొస్తుంది. వేసిన చెత్తలో ఏది గడ్డో ఏది ఆకో గుర్తుపట్టలేం.

ఇందులో దాగిన లెక్క కర్బనానికీ నత్రజనికీ ఉన్న పొత్తు. ముప్పై పాళ్లు కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటే జీవులు హుషారుగా పని చేస్తాయి. గడ్డిలో, కంపలో కర్బనం ఎక్కువ. పేడలో, మూత్రంలో నత్రజని ఎక్కువ. నత్రజని తక్కువైతే కుప్ప చల్లగా పడి ఉంటుంది. ఎక్కువైతే ముక్కులు అదిరే అమ్మోనియా వాసన కొడుతుంది, అంటే ఎరువు గాలిలోకి పోతోందన్నమాట.

పెంట అన్న మాటను ఈమధ్య పిల్లలు తిట్టుగానే ఎరుగుదురు. రైతుకు అది ఆస్తి పేరు. పెంటకుప్ప ఎంత పెద్దదైతే ఆ ఇంటి సేద్యం అంత గట్టిది. ఈ పేజీ చదివే మీకు ఒక వెసులుబాటు ఉంది, ఇంట్లో ఒక మాట, వీధిలో ఇంకో మాట వింటారు. కన్నడంలో పెంటకుప్పను తిప్పె అంటారు, మన తిప్ప, దిబ్బ దాని చుట్టాలే. తమిళంలో ఎరు అన్నా మన ఎరువే. మరాఠీలో ఖత్, ఒడియాలో ఖత. మీ ఊళ్లో పెద్దవాళ్లను అడిగి చూడండి, ఒక్క దిబ్బకు ఎన్ని పేర్లున్నాయో తేలుతుంది.

ఇప్పుడు కుందేలు గూటి దగ్గరికి వద్దాం. ఎద్దు కింది పరుపుకూ కుందేలు కింది పరుపుకూ సూత్రంలో తేడా లేదు. గడ్డి తినే చిన్న జంతువులు, అంటే కుందేలు, గినీ పంది లాంటివాటి పెంటికలు, తడిసిన గడ్డి, రంగు లేని చింపిన కాగితం కుప్పకు చక్కగా పనికొస్తాయి. కోళ్లు, పావురాల రెట్ట బాగా ఘాటు, దాన్ని పచ్చిగా మొక్కకు వేస్తే వేళ్లు మాడతాయి, ఎండుటాకులు దండిగా కలిపి కుళ్లబెట్టాలి. ఎండిన రెట్టను ఊడ్చేటప్పుడు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ముందు నీళ్లు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎత్తాలి. రంపప్పొట్టులో కర్బనం నత్రజని కంటే వందల రెట్లు ఉంటుంది, అది ఒక్కటే వేస్తే ఏడాదైనా అలాగే ఉంటుంది. కూరగాయల తొక్కులు, పచ్చి కలుపు, కాస్త పేడ కలిపితే కదులుతుంది. ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది.

కుక్క, పిల్లి మలం మాత్రం వేయకూడదు. వాటిలో మనుషులకు సోకే పరాన్నజీవులు ఉండొచ్చు. ఇండోర్ గుంత పెద్దది కాబట్టి అంత వేడెక్కింది. బడి మూలన బుట్టెడు కుప్ప అంత వేడి పట్టదు, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మీటరు ఉంటేనే వేడి నిలుస్తుంది. చిన్న కుప్పయితే గోనెసంచి కప్పి, తిరగేస్తూ, మూడు నెలల బదులు ఆరు నెలలు ఆగాలి. జబ్బుపడిన జంతువు గూట్లోది కలపకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇది హోవర్డ్ పుస్తకంలో లేదు, మేము చేర్చాం.

మళ్లీ ఇండోర్‌కు. 1930లో గాబ్రియెల్ జెనీవాలో కన్నుమూశారు. పాతికేళ్ల జంట పని అక్కడితో ఆగింది. మరుసటి ఏడాది హోవర్డ్ ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. అదే 1931లో ఇండోర్ పద్ధతి మీద పుస్తకం వచ్చింది. దాని మీద హోవర్డ్ పేరుతో పాటు యశ్వంత్ వాడ్ పేరు ఉంది. వాడ్ ఆ సంస్థలో రసాయనవేత్త. కుప్పలో వేడి ఎంత, తడి ఎంత, నత్రజని ఎంత మిగిలింది అన్న లెక్కలు లేకపోతే ఇండోర్ పద్ధతి మరో పెంటకుప్పగానే మిగిలేది. ఇవాళ ఎక్కడ చూసినా హోవర్డ్ ఒక్కరి పేరే వినిపిస్తుంది. గాబ్రియెల్, వాడ్, పేర్లు రాసిపెట్టని ఆ బీహారు రైతులు, పొద్దున్నే పరుపు ఎత్తిన కూలీలు వెనక్కి పోయారు. ఆయన మటుకు ఈ పద్ధతి తన సొంత తెలివి అని చెప్పుకోలేదు, తూర్పుదేశాల రైతుల దగ్గర నేర్చుకున్నదేనని పదేపదే రాశారు.

పద్ధతి త్వరగా పాకింది. కెన్యా కాఫీ తోటలు, సిలోన్, అస్సాం తేయాకు తోటలు దాన్ని అందుకున్నాయి. 1935లో గాంధీజీ ఇండోర్ వెళ్లినప్పుడు ఆ సంస్థలో ఎరువు తయారీ చూశారు, అదే ఏడాది హరిజన్ పత్రికలో దాని గురించి రాశారు. అప్పటికి హోవర్డ్ అక్కడ లేరు. తిరగేయడానికి కూలీలు చాలని చోట్ల చిక్కు వచ్చింది. బెంగళూరులో సి.ఎన్. ఆచార్య 1939లో మరో దారి కనిపెట్టారు. ఊరి చెత్తను, మానవ మలాన్ని పొరలుగా గుంతలో వేసి పైన బురదతో మెత్తి వదిలేస్తారు, తిరగేయరు, ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. కర్ణాటక పాఠ్యపుస్తకాల్లో బెంగళూరు పద్ధతి అన్నది అదే. మహారాష్ట్రలో నారాయణ్ దేవరావ్ పాంఢరీపాండే కన్నాలున్న ఇటుకల తొట్టి కట్టించారు. ఆయన పేరులోని అక్షరాలతోనే దాన్ని నాడెప్ అంటారు. తక్కువ పేడ, ఎక్కువ చెత్త, గోడల్లోంచి గాలి. హోవర్డ్ గుంతకు అది మనవడి వరస.

ఇంగ్లండ్‌లో హోవర్డ్ విశ్రాంతి తీసుకోలేదు. గాబ్రియెల్ చెల్లెలు లూయిస్‌ను 1931లో పెళ్లి చేసుకున్నారు. ఆమె జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థలో పని చేసిన విదుషి. 1934లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1940లో ఆయన పెద్ద పుస్తకం, వ్యవసాయ వీలునామా అనదగిన పేరుతో, వెలువడింది. దాన్ని గాబ్రియెల్‌కు అంకితమిచ్చారు. నేల ఆరోగ్యం, పంట ఆరోగ్యం, పశువు ఆరోగ్యం, మనిషి ఆరోగ్యం ఒకటే గొలుసు అన్నది అందులోని వాదన. అమెరికాలో జె.ఐ. రోడేల్ అది చదివి 1942లో సేంద్రియ సాగు పత్రిక మొదలుపెట్టి, హోవర్డ్‌ను సహ సంపాదకుణ్ణి చేసుకున్నారు. ఇవాళ సేంద్రియం అన్న ముద్రతో అంగడిలో దొరికే ప్రతి సరుకుకూ ఎక్కడో ఒకచోట ఈ పుస్తకంతో చుట్టరికం ఉంది.

అయితే వయసు పెరిగే కొద్దీ ఆయన మాట కూడా గట్టిపడింది. రసాయన ఎరువు నేలను చంపుతుందని, దాన్ని సమర్థించే పరిశోధనలు ముక్కలు ముక్కలుగా చూస్తున్నాయని దుయ్యబట్టారు. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ అనే పొలం ఉంది. అక్కడ 1843 నుంచి ఒక మడికి పేడ ఎరువు, మరో మడికి రసాయన ఎరువు వేస్తూ గోధుమ పండిస్తున్నారు. రసాయన ఎరువు మళ్లు చావలేదు. పేడ మళ్లతో దాదాపు సమానంగా వందేళ్లు పండాయి. హోవర్డ్ ఆ ప్రయోగాన్ని తప్పుబట్టారే గానీ ఆ దిగుబడికి జవాబు చెప్పలేకపోయారని మా అభిప్రాయం. పేడ వేసిన మడిలో నేల మాత్రం మెత్తగా, జీవపదార్థం పెరుగుతూ మారింది. అదీ నిజమే. ఎరువు కుప్ప నేలకు చేసే మేలు గురించి ఆయన చెప్పింది నిలబడింది. అది అన్ని రోగాలనూ ఆపుతుందన్నది నిలబడలేదు.

సర్ ఆల్బర్ట్ హోవర్డ్ 1947 అక్టోబరు 20న లండన్‌లోని బ్లాక్‌హీత్‌లో చనిపోయారు. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండు నెలలు. పూసా సంస్థ అంతకు ముందే, 1934 భూకంపంలో దెబ్బతిని, ఢిల్లీకి తరలిపోయింది, పేరు మాత్రం వెంట తీసుకెళ్లింది. ఇండోర్‌లో హోవర్డ్ పని చేసిన చోట ఇప్పుడు వ్యవసాయ కళాశాల నడుస్తోంది. లూయిస్ ఆయన పాత నివేదికలన్నీ కూర్చుకుని, భారతదేశంలో ఆయన చేసిన పని మీద 1953లో ఒక పుస్తకం తెచ్చారు. అందులో తన అక్క గాబ్రియెల్ ఏయే పని చేసిందో కూడా ఆమె రాసిపెట్టారు.